గడప దగ్గర గోనెపట్టా

ఆ ఎండాకాలం మా వీధి గుమ్మంలో ఎవరు అడుగు పెట్టినా వంటింట్లో ఒక ఎర్ర బల్బు వెలిగి ఆరేది. దాని పక్కనే పాత కరెంటు మీటరులోంచి పీకిన అంకెల చక్రం టిక్కుమని ఒక గడి జరిగేది. యూనియన్ పని మీద పగలంతా తిరిగి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోని గోనెపట్టా మీద నేను కాలేస్తే లోపల్నుంచి మా ఆయన గొంతు వినిపించేది.

"ఒచ్చేవా?"

"రాకపోతే బల్బెందుకు వెలుగుతుందయ్యా?"

ఆయన నవ్వేవాడు కాదు. చక్రం మీద అంకె చూసుకుని తృప్తిగా తలాడించేవాడు.

ఆ గోనెపట్టాలో మాయేమీ లేదు. రెండు రేకు పట్టీలు, మధ్యలో స్పాంజి ముక్కలు, పైన గోనె. మనిషి బరువు పడితే రేకులు కలుస్తాయి. బరువు తీసేస్తే విడిపోతాయి. మా ఆయన గురునాథరావుది ఆటోనగర్లో కాలిపోయిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టే పని. రాగి తీగతో బతికేవాడికి ఇదో లెక్క కాదు.

మా అత్త చిలకమ్మ మాత్రం ఒక్కనాడూ దాన్ని తొక్కలేదు. కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుని, గడపనీ పట్టానీ కలిపి ఒకే అంగలో దాటేది.

"అత్తా, ఒక్కసారి తొక్కు. నీ అడుగు కూడా లెక్కలోకి వస్తుంది."

"గడప మీద కాలేత్తారేటే, ఓలమ్మా! లచ్చిందేవి ఉంటాది."

"అది గడప కాదు. గోనెసంచి."

"గడపనానుకున్నాది గడపే. నీకు దేవుడూ నేడు, దెయ్యమూ నేదు. నాకున్నాయి."

అత్తది పద్మనాభం దగ్గర పల్లె. వాదిస్తే నెగ్గలేం.

ఆ పట్టాను తొక్కని మనిషి ఇంట్లో ఇంకొకడున్నాడు. దాన్ని చేసినవాడే. ఆయన పెరటి తలుపు తీసుకుని, వెనక సందులోంచి, వీధి నిద్ర లేవకముందే పనికి పోయేవాడు. మళ్ళీ ఆ సందులోంచే వచ్చేవాడు. అప్పటికి ఏడాదిగా అంతే.

నిరుటి వేసవి దాకా ఆయన అలాంటివాడు కాదు. మేం ఊరేగింపు తీస్తే నేను ముందు నడిచేదాన్ని, ఆయన జనం నడిమధ్యన మైకు భుజానేసుకుని నడిచేవాడు. ఉపన్యాసం నాది, గొంతు ఆయనది. పోలీసులు లాఠీలు పట్టుకుని ఎదురొస్తే, జనం వెనక్కి తిరిగి పరుగు మొదలెట్టే ఆ క్షణంలో ఆయన ఒకటే మాట అనేవాడు. "కూకోండి!" అంతే, ఎక్కడివాళ్ళక్కడ కూలబడేవాళ్ళు. కూర్చున్న జనం ఒకళ్ళనొకళ్ళు తొక్కుకోరు. ఇది ఏ పుస్తకంలోనూ చదివింది కాదు. దెబ్బలు తిని నేర్చుకున్నది.

నిరుడు మా గాజువాక వైపు జరిగే వేసవి కబడ్డీ ఫైనల్ నాడు మైదానం తూర్పు గుమ్మంలో తోపులాటైంది. గ్యాలరీ నిండిపోయిందని ఎవరికీ తెలీదు, ఇంకా ఎక్కుతూనే ఉన్నారు. ముందున్నవాళ్ళు వెనక్కి నెట్టారు, వెనకున్నవాళ్ళు ముందుకు నెట్టారు. అందరికంటే ముందు కింద పడినవాడు మా ఆయనే. కూకోమని చెప్పే గొంతే కాళ్ళ కింద పడితే ఇంకెవరు చెప్తారు? ప్రాణాలు పోలేదు. పక్కటెముకలు విరిగాయి. ఆసుపత్రిలో అవి అతుక్కున్నాయి, మనిషి అతుక్కోలేదు. నలుగురు కలిసి ఎదురొస్తే గోడకు ఒదిగిపోయేవాడు. మేడే నాడు ఎర్రచీర కట్టుకుని నేను గుమ్మంలో నిలబడి పిలిస్తే, "నువ్వెల్లు తాయారూ, నాను రాను," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

ఆ మంటతోనే పోలిరాజు లేతు షాపు ముందు ఎండలో బైఠాయించాను. కబడ్డీ క్లబ్బు నడిపేది అతనే. మా ఆయన్ని బావా అంటాడు, నన్ను అక్కా అంటాడు.

"అక్కా, ఎండలో కూకోకు. లోనకి రా, సోడా తాగు."

"నీ సోడా ఎవడిక్కావాలి? తాళ్ళతో కట్టిన ఆ సర్వి బాదుల గ్యాలరీ ఎంతమందిని మోస్తుందో చెప్పు. ఈ ఏడు ఎంతమందిని ఎక్కిస్తావో చెప్పు. అప్పుడు లేస్తాను."

"జనాన్ని లెక్కెట్టడం ఎవులి తరమక్కా? సేపలేటి, తట్టలో పోసి లెక్కెట్టడానికి?"

"లెక్కపెట్టలేనివాడివి టిక్కెట్టెందుకు కొడుతున్నావు?"

షాపులో కుర్రాళ్ళు నవ్వారు. పోలిరాజు తల గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు. నిరుడు మా ఆయన్ని భుజాన వేసుకుని రిక్షా దాకా పరిగెత్తినవాడూ అతనే. కాకపోతే తలలో కబడ్డీ తప్ప ఇంకోటి పట్టదు.

సాయంత్రం అన్నాలు తింటూ ఇదంతా అత్తకు చెప్తున్నాను. స్టీల్ ప్లాంటు వైపు కరిగిన ఇనప చిట్టెం పారబోసినట్టున్నారు, ఆకాశం సగం నారింజ రంగుకు తిరిగింది. ఆ వెలుగు వాకిట్లోకి వచ్చి మా కంచాల మీద పడింది. మా ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"లెక్క నాను కడతాను," అన్నాడు.

ఏడాదిలో ఆయనంతట ఆయన ఒక పనికి ముందుకొచ్చింది అదే మొదలు.

*

నెల్లాళ్ళు మా ఇల్లు తీగలతో నిండిపోయింది. మైదానం తూర్పు గ్యాలరీకి ఒక పట్టా, పడమటి గ్యాలరీకి ఒకటి. మైదానం చివర రేకుల షెడ్డులో ఒక చెక్క, దాని మీద రెండు వరసల బల్బులు. జనం ఎక్కేకొద్దీ ఆ గ్యాలరీ వరసలో ఒక్కొక్క బల్బే వెలుగుతూ పోతుంది. వరస నిండితే షెడ్డు కిటికీలోంచి ఎర్రగుడ్డ, నిండకపోతే పచ్చగుడ్డ. మైకు దగ్గరున్న పోలిరాజు గుడ్డ చూసి చెప్తాడు. "సెన్సర్ల భద్రతతో వేసవి కబడ్డీ" అని ఊరంతా కరపత్రాలు పంచాడు మహానుభావుడు.

ఆటలు మొదలవక ముందు ఒక సాయంత్రం మా ఆయన నన్ను మైదానానికి తీసుకెళ్ళాడు. వెనక సందుల్లోంచే తీసుకెళ్ళాడు. మైదానం ఖాళీ. దూరంగా హార్బరు వైపు ఏదో ఓడ కూత పెట్టింది. సముద్రపు గాలి సర్వి బాదుల మధ్య దూరి సన్నగా ఈలేస్తోంది.

"నువ్వు ఎక్కుతా దిగుతా ఉండు," అని చెప్పి షెడ్డులోకి పోయాడు.

నేను పట్టా తొక్కి పైకి ఎక్కాను. దిగాను. మళ్ళీ ఎక్కాను. నా పక్కన ఎవరూ లేరు, కానీ కాసేపటికి ఉన్నట్టే అనిపించింది. పూర్ణా మార్కెట్లో బుట్టలు మోసేవాళ్ళు, నాతోపాటు కంపెనీల్లో చీపురు పట్టే ఆడవాళ్ళు, రైలు దిగి పరిగెత్తే పల్లెజనం, ఏనాటి ఊరేగింపుల్లోనో నా వెనక నడిచినవాళ్ళు, అందరూ ఒక్కొక్కళ్ళుగా నా అడుగులో అడుగేసి ఎక్కుతున్నట్టే ఉంది. పొద్దు గుంకేదాకా ఎక్కి దిగి, ఒళ్ళు తేలిపోతూ షెడ్డులోకి వెళ్ళాను.

లోపల చీకటిగా ఉంది. చెక్క మీద ఎర్ర బల్బులు. ఆయన మొహం ఎర్రగా, మెత్తగా, పెళ్ళైన కొత్తల్లో ఉన్నట్టుంది. చెప్పులు బయట విప్పి, గుళ్ళో కూర్చున్నట్టు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"సూడు తాయారూ. ఇదే జనం."

"ఇది నేనొక్కదాన్నే కదయ్యా."

"ఎవులైతే ఏటి? ఇలగైతే నాకు జనం బాగున్నారు. అరుపుల్లేవు. కాళ్ళు నేవు."

నిజం చెప్పాలంటే నాక్కూడా కాసేపు అక్కడే, ఆయన పక్కనే, ఆ దీపాల ముందు అలా ఉండిపోదామనిపించింది. అందుకే ఇంకా కోపం వచ్చింది.

"జనం బల్బులు కాదయ్యా. చెమట వాసన వస్తారు. కాలు తొక్కుతారు. నువ్వు వాళ్ళ మధ్యలోకి రావాలి గానీ, వాళ్ళని చెక్కకు మేకులతో కొట్టి ఇంట్లో దీపం పెట్టుకుంటే ఎలా?"

ఆయన చెయ్యి చాపాడు. స్విచ్చి ఆర్పాడు. చీకట్లో ఆయన ఊపిరి మాత్రం వినిపించింది.

*

ఆటలు మొదలయ్యాయి. పట్టాలు పనిచేశాయి, కాదనను. వరస నిండగానే ఎర్రగుడ్డ, గుమ్మానికి తాడు. తిట్టుకుంటూనే జనం ఆగారు. రెండు మూడు ఆటలయ్యేసరికి గుడ్డ రంగు చూసి వాళ్ళే పక్క గుమ్మానికి పోవడం నేర్చుకున్నారు. మా యూనియన్ ఆడవాళ్ళు గుమ్మాల దగ్గర కాపలా. తూర్పు గ్యాలరీ ఆడవాళ్ళకి, పిల్లలకి. దాని గుమ్మం నాది. ఆయన మాత్రం జనం రాకముందే షెడ్డులో దూరి, జనం పోయాక బయటికొచ్చేవాడు.

ఫైనల్ నాడు పొద్దున్న పోలిరాజు పూజ పెట్టించాడు. తూర్పు గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టారు. మా అత్త ఆ వేసవిలో మొదటిసారి మైదానానికి వచ్చింది, పసుపు గిన్నె, కుంకం భరిణె పట్టుకుని.

"నా కొడుకు సేసిన మిసను. దానికి బొట్టు నేకపోతే ఎలగ?"

గోనెపట్టా అంచుల వెంబడి పసుపు రాసింది. నాలుగు మూలలా కుంకం పెట్టింది. మధ్యన ఒక బంతిపువ్వు పెట్టి దణ్ణం పెట్టుకుంది. పడమటి గుమ్మానికి కూడా వెళ్ళేదే, పసుపు చాల్లేదు. మా ఆయన చూసి నవ్వాడు. పోలిరాజు, "మాయమ్మే, సల్లగుండాల," అన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను. దేవుడి గొడవ నాకెందుకు అనుకున్నాను. అంతమందిమి నిలబడి చూశాం. ఒక్కరికీ ఏమీ తట్టలేదు.

సాయంత్రానికి పద్మనాభం చుట్టుపక్కల ఊళ్ళకి ఊళ్ళే దిగాయి. వాళ్ళ జట్టు ఫైనల్‌కి వచ్చింది మరి. ఎర్రదుమ్ము లేచి, అందులోంచి వాలుటెండ పడి, మైదానమంతా పలచటి బంగారు పొగలా ఉంది. పొద్దుటి నుంచి అరిచీ అరిచీ నా గొంతు పూర్తిగా పోయింది. చేతులతోనే సైగలు చేస్తున్నాను. ఆడవాళ్ళు వస్తున్నారు. గుమ్మం దగ్గరకొచ్చి, ఒక్క క్షణం కిందికి చూసి, కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, చంకలో పిల్లల్ని పైకి జరుపుకుని, ఒక అంగ వేసి దాటుతున్నారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు. వాగు దాటినట్టు. ముసలివాళ్ళు దాటే ముందు వంగి, పట్టాను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంటున్నారు. ఎంత నెమ్మదిగా, ఎంత ముచ్చటగా ఉందో. ఇంతమందీ ఇలా ఒక్క తీరున కాలెత్తి ఎక్కడికి వెళ్తున్నారో అన్నట్టు, నేను మైమరచి చూస్తూ నిలబడిపోయాను.

మైకులో పోలిరాజు కేక వేశాడు. "తూరుపు గ్యాలరీ కాళీగా ఉంది! ఆడోళ్ళందరూ తూరుపు గుమ్మానికి ఎల్లండమ్మా! పచ్చగుడ్డ సూడండి, పచ్చగుడ్డ!"

ఖాళీ ఎక్కడుంది? నేను వెనక్కి తిరిగి చూశాను. గ్యాలరీ మెట్ల మీద కూడా మనుషులే. తాళ్ళు ముడుల దగ్గర కిర్రుమంటున్నాయి. అప్పుడు కిందికి చూశాను. బంతిపువ్వు పెట్టినచోటే ఉంది. ఒక్క రేకైనా నలగలేదు.

షెడ్డు దాకా ఎలా పరిగెత్తానో తెలీదు. ఆయన చెక్క ముందు వంగి తీగలు తడుముతున్నాడు. పడమటి వరస నిండా వెలుగుతోంది. తూర్పు వరసంతా చీకటి.

"పొద్దున్న బాగానే ఉందే. వైరెక్కడో తెగినట్టుంది. బేగి పట్టుకోవాల."

"వైరు కాదు, పసుపు." నా గొంతులోంచి గాలి తప్ప రావడం లేదు. "మీ అమ్మ పసుపు రాసింది. ఒక్కరూ తొక్కడం లేదు. దాటి పోతున్నారు. గ్యాలరీ పొర్లిపోతోందయ్యా."

ఆయనకి మొత్తం అర్థమైంది. పచ్చగుడ్డ లాగేసి ఎర్రగుడ్డ వేలాడదీశాడు. కిటికీలోంచి చూశాం. కూత పెట్టినవాణ్ణి నలుగురు పట్టేశారు, మైదానమంతా లేచి నిలబడి అరుస్తోంది. పోలిరాజు గుడ్డ వైపు చూడనే లేదు. తూర్పు గుమ్మంలోకి జనం వస్తూనే ఉన్నారు. అతను పిలిచాడు, వాళ్ళు వస్తున్నారు.

"ఎవరో ఒకళ్ళు గుమ్మంలో నిలబడి ఆపాలి," అన్నాను. "నాకు గొంతు లేదు."

ఆయన ఆ చెక్క వైపు ఒకసారి చూశాడు. వెలిగిన వరస, వెలగని వరస.

"నా సెప్పులేయీ?" అన్నాడు.

గుమ్మం బయట ఉన్నాయి. వేసుకున్నాడు. నా చీర కొంగు గట్టిగా పట్టుకున్నాడు. జనంలోకి దిగాం. అది నడకలా లేదు. నీళ్ళలో నడిచినట్టు, భుజాలూ మోచేతులూ చుట్టూ మెత్తగా తగులుతూ, చప్పుళ్ళన్నీ ఎక్కడో దూరంగా వినిపిస్తూ ఉన్నాయి. సగం దూరం వెళ్ళాక నా కొంగు తేలికైంది. వదిలేశాడు. ఎప్పుడు వదిలాడో నేను చూడలేదు. చూసేసరికి నాకంటే ముందున్నాడు.

తూర్పు గుమ్మంలో, నిరుడు పడిన చోటే, చెప్పుకాళ్ళతో ఆ పసుపు పట్టా మీద నిలబడ్డాడు. బంతిపువ్వు నలిగిపోయింది.

"ఓరి బాబో! బొట్టెట్టినదాన్ని సెప్పుల్తో తొక్కేత్తన్నావేటి?" ఒక పెద్దావిడ చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తొక్కడానికే సేసేనమ్మా. తొక్కకపోతే దానికి మీరు అగుపడరు." చేతులు రెండు పక్కలా గుంజలకు బారచాపాడు. "నోన సోటు నేదు. మీ గుంటలే, మీ పిల్లలే ఉన్నారు ఆ కర్రల మీద. ఇంకొక్క మనిసెక్కితే కూలిపోద్ది. కూకోండి."

గట్టిగా అరవలేదు. అయినా వినిపించింది. ముందు వరస కూర్చుంది. వెనకవాళ్ళు, "ఏటి, ఏటైంది?" అంటూనే కూర్చున్నారు. ఆ పైన ఇంకో వరస. కోసిన చేను ఒరిగినట్టు, గుమ్మం నుంచి రోడ్డు దాకా దుమ్ములోనే కూలబడ్డారు. నేను గ్యాలరీ వెనక తడిక తాళ్ళు కోసేశాను. పై వరసల నుంచి పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ చేతుల మీదుగా దింపి, కోర్టు గీత చుట్టూ నేల మీద కూర్చోబెట్టాం. అప్పటికి పోలిరాజు ఆట ఆపాడు. మైకు కింద పెట్టి తనూ పిల్లల్ని దింపడానికి వచ్చాడు.

ఆట మళ్ళీ మొదలైంది. పద్మనాభం కుర్రాళ్ళు గెలిచారట. నేను చూడలేదు. జనం లేచి ఇళ్ళకు పోయేదాకా ఆ మనిషి గుంజకు ఆనుకుని, పట్టా మీదే నిలబడ్డాడు. దగ్గరికి వెళ్ళాను.

"కూర్చోవయ్యా," అన్నాను.

"నాను కూకుంటే మళ్ళీ నెగలేను," అన్నాడు.

మర్నాడు గ్యాలరీ విప్పుతుంటే ఒక సర్వి బాదు మధ్యకు చీలి ఉంది. పోలిరాజు అది తెచ్చి మా వాకిట్లో పడేసి వెళ్ళిపోయాడు. మా అత్త దాన్ని పొయ్యిలోకి ముక్కలు చేయించింది. ఆమెని ఎవరం ఒక్క మాట అనలేదు. ఆమే అంది.

"పసుపు రాసినదాన్ని మనిసన్నవోడు తొక్కుతాడేట్రా? మీరే సెప్పండి. వొచ్చే ఏడు కాళ్ళ కింద పెట్టక, నడుం కాడ పెట్టు. తగులుకుంటా పోతారు. అప్పుడు బొట్టు పెడతాను."

పెట్టాడు కూడా. మరుసటి ఏడు గుమ్మాలకు వెదురు తిరుగుడు గేట్లు వచ్చాయి, నడుం ఎత్తున. వాటి సంగతి వేరు.

ఆ ఏడు వానలు పట్టాయి. పసుపు మరక పోని ఆ తూర్పు గుమ్మం పట్టా మా ఇంటికి వచ్చి, పాతదాని స్థానంలో గడప దగ్గర పడింది. కాంట్రాక్టరు మా ఆడవాళ్ళని పనిలోంచి తీసేశాడని ఊరేగింపు పెట్టుకున్నాం. ఆ పొద్దున్న నేను వంటింట్లో గోడకు ఆనుకుని అట్టల మీద కుంచెతో నినాదాలు రాస్తున్నాను. అత్త పొయ్యి దగ్గర ఉంది. చినుకులు పడుతున్నాయి.

టిక్కుమంది. ఎర్ర బల్బు వెలిగి ఆరింది.

"ఎవరొచ్చారో చూడత్తా."

ఆమె తల బయటికి పెట్టి చూసింది. తొందరేమీ లేదు ఆమెకి.

"ఎవులూ ఒచ్చేరు కాదు. గురునాదం ఎల్లేడు."

నేను అటక వైపు చూశాను. మైకు పెట్టె ఉండేచోట దుమ్ములో నలుచదరపు గుర్తు మాత్రం ఉంది.

అత్త కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుంది. గడపనీ పట్టానీ కలిపి ఒకే అంగలో దాటి, వానలో నిలబడి వీధి చివరికి చూసింది.

"ఓలమ్మా, బేగి నెగు. మలుపు తిరిగిపోతన్నాడు."

కుంచె అక్కడే పడేసి నా చెప్పులు వెతుక్కున్నాను.